జ్వరానికి జడిసి కొండెక్కిన ఊరు



ఇటలీ బూటు ఆకారంలో ఉంటుందని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం. ఆ బూటు మడమకీ వేళ్లకీ మధ్య, అరికాలు లోపలికి వంగే చోట బాసిలికాటా అనే ప్రాంతం ఉంది. రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ చూసి తిరిగివచ్చే మనవాళ్లలో అక్కడిదాకా వెళ్లేవాళ్లు బహు తక్కువ. దాని పాత పేరు లుకానియా. అక్కడి జనం ఇప్పటికీ తాము లుకానియా వాళ్లమనే చెప్పుకుంటారు. పెద్ద నగరాలు లేవు. గోధుమ చేలు, ఆలివ్ తోటలు, కొండలు, ప్రతి కొండ కొమ్ము మీదా ఒక ఊరు. అలాంటి ఊళ్లలో ఒకటైన క్రాకో గురించి ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

క్రాకో సముద్రమట్టానికి సుమారు 390 మీటర్ల ఎత్తున ఉంది. నెత్తిన నలుచదరపు నార్మన్ బురుజు, దాని చుట్టూ అంచెలంచెలుగా దిగే రాతి ఇళ్లు. వెయ్యేళ్ల కిందటి కాగితాల్లోనే దాని పేరు కనిపిస్తుంది. 1060లో అది ఒక బిషప్ ఆధీనంలో ఉన్న భూమి. ఇప్పుడు అందులో మనిషి కాపురం లేదు. యాత్రల పుస్తకాలు దాన్ని దయ్యాల ఊరు అంటాయి. ఆ మాట నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ ప్రసంగం.

మతేరా అనే పట్నం నుంచి కారులో వెళితే క్రాకోకి గంట పైన పడుతుంది. బస్సుల్ని నమ్ముకుని వెళ్లే చోటు కాదు. మొదట గోధుమ చేలు వస్తాయి. వసంతంలో వెళితే కంటికి ఆనినంత మేరా పచ్చగా ఉంటాయి. జూన్ దాటితే కోతలైపోయి, మోళ్లు మిగిలిన పసుపు నేల. కాసేపటికి చేలు సన్నబడి బంకమట్టి గుట్టలు మొదలవుతాయి. బూడిద రంగు మట్టి. వాన పడ్డప్పుడల్లా ఆ నీరు మట్టిని నిలువునా కోసుకుంటూ దిగి, గుట్ట మొత్తాన్ని పదునైన గట్లుగా, లోతైన చారలుగా చీల్చేసింది. గడ్డి దుబ్బులు తప్ప వాటి మీద ఏదీ నిలవదు. ఈ మట్టిని మీరు కాస్త గుర్తుంచుకోవాలి. క్రాకో కథ నడిపించింది అదే.

ఒక మలుపు తిరగ్గానే ఊరు మొత్తం ఒక్కసారిగా కనపడుతుంది. కొండ ఎక్కడ ఆగిందో ఇల్లు ఎక్కడ మొదలైందో దూరం నుంచి తెలియదు, రెండిటిదీ ఒకే రంగు. దగ్గరికి వెళ్లేకొద్దీ కిటికీలు తేలతాయి. ఇంకా దగ్గరికి వెళితే ఆ కిటికీల వెనక గది లేదనీ, వాటిలోంచి ఆకాశం కనిపిస్తోందనీ తెలుస్తుంది.

లోపలికి ఒంటరిగా వెళ్లనివ్వరు. టికెట్ కొనాలి, హెల్మెట్ పెట్టుకోవాలి, గైడు వెంట నడవాలి. కటకటాలు బిగించిన దారి ఒకటి ఊరి మధ్య నుంచి పైకి పోతుంది. దాన్ని దాటి అడుగు పక్కకి పెట్టకూడదు. ఇవన్నీ యాత్రికుల్ని ఊరించడానికి పెట్టిన హంగులు కావు. గోడలు ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి. 2010లో ప్రపంచ స్మారక నిధి వాళ్లు, అపాయంలో ఉన్న కట్టడాల జాబితాలో క్రాకోని చేర్చారు.

సందులు ఇద్దరు మనుషులు, ఒక గాడిద తప్పుకునేంత వెడల్పు. దారి పొడవునా మెట్లే. ఇళ్లు చాలావరకు ఒక్క తీరున కట్టారు: కింద పశువుకీ పనిముట్లకీ ఒక గది, పైన మనుషులకి ఒక గది. కింది పశువు వెచ్చదనం చలికాలంలో పైకి వచ్చేది. ఒక ఇంటి కప్పు పై ఇంటివాళ్లకి నడిచే దారి. నాలుగైదు గుమ్మాలు ఒకే చిన్న వాకిట్లోకి తెరుచుకుంటాయి. వంటా వార్పూ, పిల్లల ఏడుపులూ, తగువులూ అన్నీ ఆ వాకిట్లోనే. ఇప్పుడు గోడల పగుళ్లలో అంజూర చెట్లు మొలిచి, వాటి వేళ్లు రాళ్లని ఇంకాస్త విడదీస్తున్నాయి. జమీందారుల మేడల్లో గ్రోసీ వాళ్లది చూశాను. సగం కూలిన పైకప్పు కింద, వంపు తిరిగిన లోకప్పు మీద రంగుల బొమ్మలు ఇంకా మిగిలి ఉన్నాయి. పక్కనే పెద్ద చర్చి. సెయింట్ నికొలస్ పేరిట కట్టింది. దాని గుమ్మటానికి మెరుగు పెంకులు తాపడం చేశారు. ఎండ పడితే ఆ గుమ్మటం ఒక్కటే ఊళ్లో తళుక్కుమంటుంది. ఊరు ఖాళీ అయ్యాక దొంగలు పడి, లోపల విలువైనవి పట్టుకుపోయారు.

బురుజు దగ్గరికి చేరాక నాకు ఒక ప్రశ్న గట్టిగా తగులుకుంది. అక్కడ నిలబడితే నాలుగు దిక్కులా లోయలే. కావోనే నది లోయ సముద్రం వైపు దిగిపోతూ ఉంటుంది. పొలాలన్నీ కిందే. నీళ్లూ కిందే. మరి వందల ఏళ్లపాటు రోజూ తెల్లారకముందే దిగి, పొద్దుగుంకే వేళకి ఎక్కుతూ ఈ రాతి కొమ్ము మీదే ఎందుకు బతికారు? పొలం పక్కనే గుడిసె వేసుకుంటే కాళ్లకి ఎంత సుఖం!

ప్రాచీన కాలంలో ఇక్కడ జనం అలాగే ఉండేవాళ్లు. క్రాకో నుంచి సముద్రం వైపు వెళితే మెతపొంతో అనే చోటు వస్తుంది. క్రీస్తుకి పూర్వం ఏడో శతాబ్దంలో గ్రీకులు ఓడల్లో వచ్చి అక్కడ మైదానంలోనే నగరం కట్టారు. ఆ నగరం తన నాణేల మీద బార్లీ కంకి ముద్రించుకుంది. ఎంత పండితే కంకిని నాణెం మీద వేసుకుంటారు! గణితవేత్త పైథాగరస్ అక్కడే కన్నుమూశాడని సంప్రదాయం చెబుతుంది. హేరా దేవత గుడికి 15 స్తంభాలు ఈనాటికీ నిలబడి ఉన్నాయి. అంటే ఆ నేలకి మనుషుల్ని పోషించే శక్తి పుష్కలంగా ఉంది.

తర్వాతి కాలంలో ఆ మైదానం పాడుపడింది. బ్రదానో, బాసెంతో, కావోనే, ఆగ్రి, సిన్ని అనే అయిదు నదులు ఆ తీరంలో సముద్రాన్ని చేరతాయి. పైన అడవులు కొట్టేసేకొద్దీ అవి మోసుకొచ్చే మట్టి పెరిగింది. ముఖద్వారాలు పూడి, నీరు పారక నిలవపడి, మైళ్లకొద్దీ చిత్తడి అయింది. చిత్తడితో జ్వరం వచ్చింది. మనం చలిజ్వరం అని పిలిచే మలేరియా.

ఇంకో భయం సముద్రం మీంచి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బు దండులు దక్షిణ ఇటలీ తీరాల్ని కొల్లగొట్టాయి. 847 నుంచి 871 దాకా బారి నగరంలో వాళ్ల అమీరే రాజ్యం చేశాడు. అందుకని జనం ఎత్తుకి ఎక్కారు. ఇక్కడ నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. క్రాకోకి దగ్గర్లోనే తుర్సి అనే కొండ ఊరుంది. ఆ ఊరి నెత్తిన ఉన్న పేటని రబతానా అంటారు. అది అలా దండెత్తి వచ్చిన అరబ్బులు స్థిరపడ్డ పేట. భయపడ్డవాళ్లు కొండెక్కారు, భయపెట్టినవాళ్లూ కొండెక్కారు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో నార్మన్లు వచ్చి ఈ కొమ్ముల మీద బురుజులు లేపారు. నేను నిలబడ్డ బురుజు వాళ్లదే.

దొంగ ఓడల భయం కొన్ని శతాబ్దాలకి పోయింది. జ్వరం మాత్రం పోలేదు. నా లెక్కలో ఈ కొండ ఊళ్లని ఇరవయ్యో శతాబ్దం దాకా కొండ మీదే కట్టేసి ఉంచింది అదే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇటలీ మొత్తం మీద ఏటా సుమారు పదిహేను వేల మంది మలేరియాతో చనిపోయేవారు. జబ్బు పడేవాళ్లు ఇరవై లక్షల దాకా ఉండేవారు. రోగం ఎక్కువగా దక్షిణానిదే, అందులోనూ కూలీలదే. వేసవిలో గోధుమ కోతలకి కిందికి దిగాలి. దోమ ముమ్మరంగా ఉండేది సరిగ్గా ఆ కాలంలోనే.

చిత్తడి మీద నుంచి లేచే చెడు గాలే జ్వరానికి కారణమని వాళ్లు నమ్మారు. కారణం తప్పు. కానీ ఆ నమ్మకంతో పెట్టుకున్న కట్టుబాటు మాత్రం నూటికి నూరు పాళ్లు సరైంది: పొద్దు వాలేసరికి ఎంత దూరమైనా సరే కొండెక్కి ఇంటికి చేరాలి, రాత్రి మైదానంలో పడుకోకూడదు. మలేరియాని మోసే అనాఫిలిస్ దోమ కుట్టేది పొద్దుగుంకిన దగ్గర్నుంచి తెల్లవారే దాకా. రోజుకి గంటల తరబడి కొండ ఎక్కి దిగిన ఆ పాదాలు వాళ్ల ప్రాణాల్ని కాపాడాయి. ఆ మెట్ల మీద నడుస్తున్నంతసేపూ నేను ఆ పాదాల గురించే ఆలోచించాను.

మన ప్రాంతంలో ఇదే రోగం తలకిందులుగా నడిచింది. గోదావరి, విశాఖ ఏజెన్సీలకి మైదానపు ఉద్యోగిని బదిలీ చేస్తే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తేవారు. మన్యం జ్వరం అంటే అంత హడలు. మనకి జ్వరం కొండల్లో, వాళ్లకి మైదానంలో. మన మన్యంలో మలేరియా దోమ కొండవాగుల ఒడ్డున నెమ్మదిగా పారే తేటనీటిలో పెరుగుతుంది. ఇటలీ తీరపు దోమకి నిలవ నీటి మడుగులు, కాస్త ఉప్పదనం ఉన్నా సరే, చాలు.

ఈ రెండు చోట్లకీ నిజమైన చుట్టరికం ఇంకొకటుంది. ఆ చెడు గాలి నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టింది మన సికింద్రాబాదే. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో ఒక చిన్న ఆసుపత్రి గదిలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమ. దాని కడుపు గోడలో నల్లని రేణువులున్న మలేరియా క్రిమి కనబడింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద చేసిన ప్రయోగాలతో, దోమ కాటే రోగాన్ని ఒకరి నుంచి ఒకరికి చేరవేస్తుందని తేల్చాడు. అదే 1898 చివర్లో రోమ్‌లో జొవాన్ని బత్తిస్తా గ్రస్సీ, ఆయన సహచరులూ మనుషులకి మలేరియా అంటించేది అనాఫిలిస్ జాతి దోమేనని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కి వచ్చింది. ఘనత ఎవరిదన్న తగువు ఆ ఇద్దరూ బతికున్నంత కాలం సాగింది. నాకు ఆ తగువు మీద ఆసక్తి లేదు. సికింద్రాబాదు గదిలో కోసిన ఒక దోమకీ ఇటలీ కొండ మీది ఊరి భవిష్యత్తుకీ ముడి పడిందే, అది నాకు ముఖ్యం. బేగంపేటలో ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతుల్లో ఇప్పటికీ ఉంది. హైదరాబాదు వాసులు తప్పకుండా చూడాల్సిన చోటు.

గ్రస్సీ 1900లో చేసిన ఒక పరీక్ష గురించి చెబుతాను. నేపుల్స్‌కి దిగువన, ఎబోలికి దగ్గర్లో, కపాచ్చో అనే మలేరియా మైదానం ఉంది. అక్కడి రైల్వే ఉద్యోగుల ఇళ్లకి కిటికీలన్నిటికీ సన్నని తీగ జాలీ కొట్టించి, పొద్దుగుంకాక బయటికి రావద్దన్నాడు. అలా కాపాడిన 112 మందిలో జ్వరం వచ్చింది అయిదుగురికే. జాలీ లేని ఇళ్లలోవాళ్లు దాదాపు అందరూ పడకేశారు. కొండ ఊరి ముసలివాళ్లు ఎన్ని తరాలుగానో చెబుతున్న మాటకి శాస్త్రం ఆ రోజున సాక్ష్యం చెప్పింది. అదే ఏడాది ఇటలీ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఉప్పు, పొగాకు అమ్మే సర్కారు దుకాణాల్లోనే క్వినైన్ చవకగా అమ్మించారు.

అయినా క్వినైన్ ఈ కొండ ఊళ్లకి చాలినంత అందలేదు. దానికి సాక్షి కార్లో లేవి. ఆయన ఉత్తరాదిన తురీన్ నగరంలో పుట్టినవాడు. చదివింది వైద్యం, బతికింది చిత్రకళతో. ముసోలినీని ఎదిరించినందుకు 1935లో ఆయన్ని ఈ ప్రాంతానికి ప్రవాసం పంపారు. ఎక్కువ కాలం క్రాకోకి అంత దూరం కాని అలియానో అనే ఊళ్లో ఉన్నాడు. వైద్యం మానేసిన మనిషి ఇంటి ముందు జ్వరపు పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వరస కడితే కాదనలేకపోయాడు. ఆయన 1945లో అచ్చువేసిన పుస్తకం పేరు ‘క్రీస్తు ఎబోలిలో ఆగిపోయాడు’. ఆయన్ని చూడటానికి వచ్చిన సోదరి, ఆవిడా డాక్టరే, మతేరాలో గుహ ఇళ్ల మధ్య నడుస్తుంటే పిల్లలు వెంటపడి అడిగింది డబ్బులు కాదు, క్వినైన్. ఆ పుట చదివాక ఆ ప్రాంతపు రాళ్లని అందంగా ఉన్నాయని మాత్రమే చూడటం నావల్ల కాలేదు. లేవి 1975లో చనిపోయాడు. కోరుకున్నట్టే ఆయన్ని అలియానోలోనే సమాధి చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పరిస్థితి చకచకా మారింది. అల్బెర్తో మిస్సిరోలి అనే శాస్త్రవేత్త నడిపిన పథకం కింద 1946 నుంచి అయిదేళ్లపాటు ఇంటింటి గోడలకీ డీడీటీ కొట్టారు. ఇటలీలో మలేరియా అణగిపోయింది. 1970లో ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. డీడీటీ వల్ల నేలకీ పక్షులకీ జరిగిన చెరుపు మనకి తర్వాత తెలిసింది, నిజమే. కానీ ఏటా జనం జ్వరంతో మంచాన పడే చోట ఆ పని చేసినవాళ్లని నేను తప్పుపట్టలేను. 1950లో భూసంస్కరణ వచ్చింది. దొరల భూములు పంచి, చిత్తడి ఎండగట్టి, కాలవలు తవ్వి, మైదానంలో రైతులకి ఇళ్లు కట్టించారు. ఈరోజు మెతపొంతో చుట్టూ కమలా తోటలు, స్ట్రాబెర్రీ పందిళ్లు. కొండెక్కడానికి కారణమైన భయం తీరిపోయింది.

అప్పటికే క్రాకో నుంచి చాలామంది వెళ్లిపోయి ఉన్నారు. 1892కీ 1922కీ మధ్య పదమూడు వందల మందికి పైగా అమెరికా ఓడలెక్కారు. అంత చిన్న ఊరికి అది సగం పైన. న్యూయార్క్‌లో కాపురం పెట్టినవాళ్లు తమ ఊరి సాధువు సాన్ విన్సెన్సో పేరిట సంఘం కట్టుకుని అక్కడా ఉత్సవం చేశారు. వాళ్ల మనవలు, మునిమనవలు 2007లో ఇంకో సంఘం పెట్టి, పూర్వీకుల పేర్లు వెతుక్కుంటూ ఈ కొండకి వస్తుంటారు.

ఇక ఇందాక గుర్తుంచుకోమన్న బంకమట్టి దగ్గరికి వద్దాం. క్రాకో పై పొర గట్టి రాయి. దాని కింద ఉన్నది మట్టి. ఎండినప్పుడు ఆ మట్టి ఇనుపముద్ద. నీరు తాగితే ఉబ్బి, జారుడుబల్ల అవుతుంది. వందల ఏళ్లు ఊళ్లోకి నీళ్లు కుండలతో, కడవలతో వచ్చాయి. మట్టికి తడి తగిలింది వానాకాలంలోనే. ఆధునిక కాలంలో మంచినీటి గొట్టాలు, మురుగు కాలవలు వచ్చాయి. అవి కారిన నీరంతా నేలలోకి ఇంకింది. ఊరు జారడానికి నిపుణులు చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది. మనిషికి కావలసిన సౌకర్యమే, అందులో ఎవరినీ నిందించడానికి లేదు. ఆ కొండ దాన్ని మోయలేకపోయింది.

1963లో కొండవాలు జారింది. ఇళ్లు బీటలు వారి, కొన్నిచోట్ల వీధులకి వీధులే కిందికి దిగిపోయాయి. ప్రభుత్వం జనాన్ని లోయలోకి, క్రాకో పెస్కియేరా అనే చోటికి తరలించింది. మొదట డేరాలు, తర్వాత తాత్కాలిక గదులు, ఆ తర్వాత ఇళ్లు. కొందరు మొండికేసి పైనే ఉండిపోయారు. 1972లో వరద వచ్చి నేల ఇంకా వదులైంది. 1980 నవంబరు 23న ఇర్పినియా భూకంపం దక్షిణ ఇటలీని ఊపేసింది. 2,700 మందికి పైగా చనిపోయారు. దానితో క్రాకోలో మిగిలినవాళ్లు కూడా దిగిపోయారు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే పొరుగూరు పిస్తిచ్చి చూడాలి. అదీ ఇదే మట్టి మీది ఊరే. 1688 ఫిబ్రవరిలో, పెద్ద మంచు కురిసిన రాత్రి, అక్కడి కొండవాలు విరిగిపడి వందల మంది మట్టిలో కలిసిపోయారు. బతికినవాళ్లు ఊరు విడిచిపెట్టలేదు. విరిగిపడ్డ ఆ మట్టి మీదే సున్నం వేసిన చిన్న చిన్న ఇళ్లు, ఒకే ఎత్తున, ఒకే వాలు కప్పులతో వరసలుగా కట్టుకున్నారు. ఆ పేటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. 1688లో ఎందుకు దిగలేదు, 1963లో ఎందుకు దిగారు? నాకు తోచే సమాధానం ఒకటే. 1688లో కింద చావు ఉంది. 1963 నాటికి కింద బతుకు ఉంది. కొండ విరగడం రెండుసార్లూ ఒకటే.

అందుకే క్రాకోని దయ్యాల ఊరు అంటే నేను ఒప్పుకోను. దయ్యాలకి కావలసింది చావు. ఇక్కడివాళ్లు బతకడానికి ఎక్కారు, బతకడానికే దిగారు. సినిమావాళ్లు కూడా క్రాకోని శాపం తగిలిన చోటులాగే చూపిస్తారు. మెల్ గిబ్సన్ 2004లో తీసిన క్రీస్తు సినిమాలో యూదా ఉరి వేసుకునే దృశ్యం ఇక్కడ తీశారు. జేమ్స్ బాండ్ సినిమా ఒకదానికి కూడా ఈ శిథిలాలే రంగస్థలం. ఫ్రాన్సెస్కో రోసీ ఒక్కడు, లేవి పుస్తకాన్ని 1979లో సినిమాగా తీస్తూ, ఈ ఊరిని మనుషులు బతికిన ఊరిగా చూపించాడు.

మతేరా కథ దీనికి ఎదురు. అక్కడ కొండలో తొలిచిన గుహ ఇళ్లలో జనం పశువులతో కలిసి ఉండేవారు. 1952లో పార్లమెంటు చట్టం చేసి సుమారు పదిహేను వేల మందిని కొత్త పేటలకి తరలించింది. 1993లో యునెస్కో ఆ గుహల్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇప్పుడు ఆ గుహల్లో ఒక రాత్రికి బోలెడు డబ్బు పోసి యాత్రికులు పడుకుంటున్నారు. బాగు చేసినందుకు సంతోషమే. కానీ ఏ గుమ్మంలో నిలబడి పిల్లలు క్వినైన్ అడిగారో ఆ గుమ్మానికి పూలకుండీ పెట్టి, జరిగినదాని ఊసే ఎత్తని హోటళ్లు చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. క్రాకోలో కనీసం గోడ కూలితే కూలినట్టే కనిపిస్తుంది.

పై ఊరు చూశాక కిందికి దిగి క్రాకో పెస్కియేరాకి వెళ్లాను. చాలామంది యాత్రికులు వెళ్లరు. నిజమే, చూడటానికి అక్కడ ఏమీ లేదు. తిన్నని వీధులు, సాదా సిమెంటు ఇళ్లు, వాకిట్లో కార్లు. భోజనంలో వేయించిన ఎండుమిరపకాయలు పెట్టారు. సెనీసె అనే ఊళ్లో పండే కారంలేని పొడుగు మిరప అది. పలచని తోలు, లోపల నీరు తక్కువ. దారానికి గుచ్చి, దండలుగా గోడలకి వేలాడదీసి, ఎండనిచ్చి, ఆలివ్ నూనెలో క్షణంసేపు వేయిస్తారు. పప్పన్నంలోకి మనం ఊరమిరపకాయ కొరుక్కున్నట్టు కరకరలాడుతుంది, ఉప్పూ కారం లేకుండా, కాస్త తియ్యగా. పాస్తా మీద జున్నుకి బదులు ఎండు రొట్టెని చిదిపి నూనెలో వేయించి చల్లుతారు. జున్ను కొనలేని రోజుల్లో పుట్టిన వంట అది. జున్ను కొనగలిగిన ఈ రోజుల్లోనూ మానలేదు. బల్ల చుట్టూ మగవాళ్లు పేకాడుతున్నారు. పిల్లలు బంతి తన్నుతున్నారు, ఆ నేల చదునుగా ఉంది కాబట్టి బంతి ఎక్కడికీ దొర్లిపోలేదు.

పోగొట్టుకున్నది ఏమీ లేదని నేననను. వాకిలి పోయింది. నాలుగు గుమ్మాలకి కలిపి ఒక వాకిలి ఉన్నప్పుడు ముసలమ్మ ఒంటరిగా ఉండే మాట లేదు. వరస ఇళ్లు గీసిన ఇంజనీర్లకి ఆ వాకిలి లెక్కలోకి రాలేదు. మతేరా వాళ్ల కోసం కట్టిన లా మార్తెల్లా అనే కొత్త పల్లెలో లుదోవికో క్వరోని అనే వాస్తుశిల్పి ఆ ఇరుగుపొరుగు తీరుని నిలబెట్టాలని ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం గొప్పది. కానీ వాకిలి ఒక్కటే గీస్తే ఇరుగుపొరుగు రాదు. ఒకే బావి, ఒకే పొయ్యి, ఒకే కష్టం ఉన్నప్పుడు వచ్చిన కట్టు అది. ఆ కష్టం తిరిగి రావాలని ఎవరం కోరుకుంటాం?

మీలో ఎవరైనా అటు వెళితే ఏప్రిల్, మే నెలల్లోగానీ, సెప్టెంబరు, అక్టోబరుల్లోగానీ వెళ్లండి. జూలై, ఆగస్టుల్లో ఆ కొండ మీద నీడ దొరకదు. జారని బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎదురుగా రోడ్డు మలుపు దగ్గర ఆగి ఊరిని చూస్తే చాలు, అక్కడి నుంచే బాగా కనబడుతుంది. వీలైతే అదే ప్రయాణంలో మెతపొంతో స్తంభాలు, పిస్తిచ్చి తెల్ల ఇళ్లు, అలియానోలో లేవి ఉన్న ఇల్లు కలుపుకోండి. పై ఊరు చూసిన రోజునే కింద పెస్కియేరాలో భోజనానికి ఆగండి. క్రాకో మునిసిపల్ ఆఫీసు ఇప్పుడు అక్కడే ఉంది. క్రాకో మేయరు అక్కడే కూర్చుంటారు, పుట్టిన పిల్లల పేర్లు క్రాకో రిజిస్టర్లోకి అక్కడే ఎక్కుతున్నాయి.